లంకలో దిగిన బెలూను

గోదావరి మీద రైలు వంతెన కట్టిన నాలుగైదేళ్లకు పల్లంరాజుగారు మద్రాసు నుంచి ఒక బెలూను తెప్పించుకున్నారు. రెండుసార్లు ఒక్కరే ఎగిరి, చేలల్లో క్షేమంగా దిగారు. మూడోసారి ఆయన భార్య శ్యామలాంబ తానూ వస్తానంది.

ఆ ఇంటికి కోడలిగా వచ్చాక శ్యామలాంబ వీధిగుమ్మం దాటింది బహు తక్కువ. దాటినా మూసిన మేనాలోనే. అత్తగారు చాలాసేపు ఆలోచించి, "పైన చూసేవాళ్ళెవరున్నార్లే. కిందవాళ్ళకి కనపడకుండా మాత్రం తెర కట్టించు నాయనా" అన్నారు కొడుకుతో. బెలూనుకు వేలాడే వెదురుబుట్ట చుట్టూ దళసరి జంపఖానా కట్టారు.

మాఘమాసంలో ఒక ఉదయం, రాజమండ్రికి ఎగువన తమ తోటలో తాళ్లు వదిలించారు. చూస్తుండగానే మామిడిచెట్లు తులసిమొక్కలంత అయిపోయాయి. శ్యామలాంబ జంపఖానా అంచు మీంచి తొంగిచూసింది. గోదారి పక్కనే ఇన్నేళ్లున్నా అది ఇంత వెడల్పని ఆమెకు తెలీదు. వంతెన మీద రైలు పోతోంది. దాని పొగ కూడా తమకంటే కిందే ఉంది.

"ఏవండీ, ఆ అవతల ఒడ్డున తెల్లగా అదేంటి?"

"కొవ్వూరు. దాన్ని దాటి చేలల్లో దిగుదాం."

ఏటి నడిమధ్యకి వచ్చేసరికి నెత్తిమీద ఎక్కడో బుస్సుమంది. పల్లంరాజుగారు తలెత్తి చూశారు. పట్టుగుడ్డ కుట్టు వదిలి బెలూనులోని వాయువు పోతోంది. వాళ్ళు కిందికి జారడం మొదలెట్టారు.

"భయపడకు" అంటూ ఆయన బుట్టలో బరువుకి పెట్టిన ఇసకసంచులన్నీ ఒలకబోశారు. బెలూను ఆగినట్టే ఆగి మళ్ళీ జారింది. ఫలహారాల బుట్ట, మంచినీళ్ల కూజా, ఆయన కోటు, బూట్లు గోదాట్లో పడ్డాయి. ఎదురుగా ఏటి మధ్య ఇసక మేటవేసిన ఒక లంక కనపడుతోంది గానీ అంతవరకూ పోయేలా లేరు. నీళ్లమీద నురగ కూడా తెలుస్తోంది.

శ్యామలాంబ జంపఖానా ముడి మీద చెయ్యేసింది.

"ఇదీ బరువేగా?"

ఆయన తటపటాయించారు. "అమ్మకి తెలిస్తే..."

"నేను చెప్పుకుంటాను లెండి. మీరు ఆ వైపు ముడి విప్పండి."

ఇద్దరూ కలిసి దాన్ని ఏట్లోకి తోసేశారు. బుట్ట కాస్త పైకి లేచింది. గాలి లంకవైపు నెట్టింది. బుట్ట అడుగు ఒక్కసారి నీటిని తాకి, ఎగిరి, ఇసకలో దొర్లి, పుచ్చపాదుల మధ్య పక్కకి ఒరిగిపోయింది.

పుచ్చతోట పెంచుకునే ఏసురాజు, భార్య సువార్తమ్మ పరుగెత్తుకొచ్చారు. ఇద్దరినీ లేవదీశారు.

"దెబ్బలేమన్నా తగిలాయా బాబయ్యా?"

"మాకేం కాలేదయ్యా. నీ పాదులే నాశనం చేశాం."

"పాదులదేముందండి, మళ్ళీ పాకుతాయి. ప్రాణాలు దక్కాయి, ప్రభువు దయండి, ఆయ్" అని ఏసురాజు పడవ తేవడానికి రేవుకేసి పోయాడు.

శ్యామలాంబ మోకాలు గీరుకుపోయింది. సువార్తమ్మ ఆమెను పాక నీడన కూర్చోబెట్టి, గాయం కడిగి, ఒక పుచ్చకాయ కోసి పెట్టింది. రెండు ముక్కలు తిన్నాక శ్యామలాంబకి ఆకలి తెలిసింది. మూడోది తనే తీసుకుంది.

"పైనుంచి మా పాక కనపడిందాండి అమ్మగారూ?" అడిగింది సువార్తమ్మ.

"కనపడకేం? పాకమీద ఎర్రచీర ఆరేశావుగా, అదీ కనపడింది."

సువార్తమ్మ సంబరపడిపోయింది. "మా ఆయనకి చెప్పాలండి!"

పల్లంరాజుగారు చెప్పుల్లేని కాళ్లతో తిరుగుతూ, చిరిగిన పట్టుగుడ్డను మడతపెట్టుకుంటున్నారు. "నిన్ను తీసుకురాకుండా ఉండాల్సింది" అన్నారు మెల్లగా.

"అలా అనకండి" అంది శ్యామలాంబ. "ఇంకాస్త సేపు పైనే ఉంటే బాగుండేదనుకుంటున్నాను నేను."

ఆయన చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని ఆమె వంక చూశారు. తర్వాత ఇద్దరికీ నవ్వొచ్చింది.

పడవ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికి శ్యామలాంబ సువార్తమ్మతో కలిసి చెదిరిన తీగల్ని పాదుల్లోకి సర్దుతోంది. చీరకుచ్చెళ్లు ఎగదోపుకుంది. మోచేతుల దాకా ఇసక.

"పడవొచ్చింది, బయల్దేరదామా?" అని పిలిచారు పల్లంరాజుగారు.

"ఈ వరస అయిపోనివ్వండి" అందామె, తల ఎత్తకుండానే.