యోనాస్ కోపర్ ధైర్యం

పన్నెండేళ్లుగా ఆమ్‌స్టర్‌డామ్ పాత యూదుల పేటలో యాత్రికులను తిప్పుతున్నాను. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ కళ్లు చెమర్చాలో నాకు కంఠతా వచ్చు. కాలువ ఒడ్డున యోనాస్ కోపర్ ఇంటి ముందు మాత్రం నన్ను నేనే మించిపోయేవాణ్ణి.

"నాజీల కాలం. యూదుల గుర్తింపు కార్డుల మీద జె అక్షరం కొట్టేవారు. అది లేని దొంగ కార్డులు ఈ ఇంట్లోనే తయారయ్యాయి. సైనికులొస్తే కోపర్ రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. సింహం!" అని ఆ రోజూ కళ్లు మూసుకున్నాను.

"సింహమా?" గుంపులోంచి ఎవరో నవ్వారు. "మా నాన్న సాలీడును చూస్తే కుర్చీ ఎక్కేవాడు నాయనా."

నా కళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి. నవ్వినావిడకు ఎనభై దాటాయి, పేరు రోషే. కోపర్ కూతురట. అప్పటికి ఆరేళ్లది.

"తలుపు చప్పుడైతే చాలు, బకెట్లో వాంతి చేసుకునేవాడు. అమ్మే వెళ్లి తలుపు తీసేది. సైనికులు పోయాక మూతి కడుక్కుని మళ్లీ కలం పట్టేవాడు. దస్తూరి బాగుంటుందని ఆ పని ఆయనకు అప్పజెప్పారంతే. పిల్లలకు కార్డులుండేవి కావు. అమ్మది ముందే రాశాడు గనక మేమిద్దరం బతికాం. అందరివీ అయ్యాక తనది రాసుకుందామనుకున్నాడు. ఆలోపే పట్టుకుపోయారు."

గుంపులో ఒకాయన నావైపు తిరిగాడు. "మరి ఆ సింహం సంగతి మీకెవరు చెప్పారండీ?"

సమయానికి మంచి అబద్ధం తట్టలేదు. "నేనే కల్పించాను. మొదట్లో ఇక్కడికొచ్చేసరికి అందరూ ఆవలించేవారు."

రోషేను క్షమించమని అడిగాను. "గొంతు బాగుంది. ఏడుపు కాస్త తగ్గించు," అని తన చిరునామా రాసిచ్చింది.

మర్నాడు బకెట్‌తో సహా ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరూ ఏడవలేదు. ఏడవాలన్న సంగతి నేనూ మరిచిపోయాను. ఒకమ్మాయి మాత్రం అడిగింది: "ఆయన ఏ కిటికీ దగ్గర కూర్చుని రాసేవారు?"

పన్నెండేళ్లు ఆయన ఛాతీని వర్ణించాను గానీ, ఆయన ఎక్కడ కూర్చునేవాడో ఎన్నడూ ఆలోచించలేదు. "తెలియదు," అన్నాను. ఆ వీధిలో నేను ఆ మాట అనడం అదే మొదలు.

మధ్యాహ్నం రోషే ఇంటికి వెళ్లాను. వెనక గది, బల్ల, కిటికీ, తను పడుకునే మూల అన్నీ కాగితం మీద గీసి చూపించింది.

"నాన్నగారి గురించి ఇంకా చెప్పండమ్మా."

"చెప్తాను. మధ్యలో నోరు పెట్టకుండా కూర్చోగలవా?"

కూర్చున్నాను. చాలా కష్టమైంది.