దుమ్ము మీద నీళ్లు

రోశమ్మ జల్లెడ పట్టుకోనే పక్కకు ఒరిగిపోయింది. నోట్లోంచి పడిన కళ్లె ఎర్రగా ఉంది. నెత్తురో ఇటుక పొడో ఎవురికీ తెలియలా. ఆస్పత్రికని ఎక్కించిన ఆటో మార్కాపురం చేరకముందే ప్రాణం పోయిందని ఫోనొచ్చింది.

దీనమ్మ ఏడవలా. రోశమ్మ ఆమెకు సొంత తోడికోడలు, ఒక్క కంచంలో తిన్న మనిషి. అయినా ఒళ్లంతా మొద్దుబారి, కంట్లో చుక్క రాలా. కిందపడిన జల్లెడ తీసి పక్కన పెట్టి అట్లనే నిలబడింది.

కంభం దారిలో ఆ సిమెంటు ఇటుకల యార్డు ఉమామహేశ్వర్లుది. బట్టీల్లో పారేసే ఇటుక ముక్కలు తెప్పించి, మిల్లులో పొడి కొట్టించి, సిమెంటు కొంత తగ్గించి అది కలుపుతాడు. ఇటుక గట్టిగానే వస్తాది, అబద్ధమెందుకు! పారేసేది పనికొస్తే ఎవురికి చేదు? కానీ ఆ పొడి జల్లించే ఆడోళ్ల ముక్కుకు కొంగు తప్ప దిక్కు లేదు. దుమ్ము అణిగేటట్టు కాసిని నీళ్లు చల్లించయ్యా అని అడిగీ అడిగీ నోళ్లు నొప్పి పుట్టినాయి. "ట్యాంకరు నీళ్లు దుమ్ముకు పోస్తే, ఇటుకలకేం పోసేది?" అనేవాడు.

ఆ పొద్దు కూడా వచ్చినాడు, మొహం వేలాడేసుకోని. "పాపం, మంచి మనిషి. ఏం చేస్తాం? లేసి నీళ్లు కొట్టండమ్మా. నిన్న పోసిన ఇటుక పచ్చి బాలింత మాదిరి, ఎండ తగిలితే బీటలిస్తాది."

"బాలింతంట!" అంది వాళ్లతో పాటు పొడి జల్లించే సుశీలమ్మ. "ఇటుకకున్న మర్యాద మనకు లేకపాయ!"

అలవాటు కొద్దీ దీనమ్మ పైపు అందుకోని ఇటుకల దాకా నడిచింది. అక్కడ ఆగింది. వెనక్కి తిరిగి పొడి కుప్ప మీద నీళ్లు వదిలింది.

"ఏయ్, ఏంది నువ్వు చేసేది? పొడంతా ముద్దయిపోతాది!"

"దుమ్ము లేస్తా ఉందయ్యా. అణుస్తా ఉండా."

గొంతులో కోపం కూడా లేదు. మిల్లు నడిపే ఏబేలు స్విచ్చి ఆపేసినాడు. "మిల్లుకు నీళ్ల పైపు, మనుషులకు మాస్కులు రావాల. రోశమ్మక్క పిల్లలకు దారి చూపాల. అందాకా ఇది తిరగదు, ఇటుకకు చుక్క పడదు." పనోళ్లందరూ వచ్చి ఇటుకల చుట్టూ కూర్చున్నారు.

అలివేలమ్మ ఒక్కతే నిలబడింది. "పని పోతే పొయ్యి ఎట్ల వెలిగేది అక్కా?"

"ఊపిరి పోతే?" అంది సుశీలమ్మ.

అలివేలమ్మ కూర్చోలా, పోలా.

మధ్యాన్నానికి పోలీసు జీపు వచ్చింది. సరుకు పాడుచేసింది ఎవురంటే దీనమ్మ లేసి తనే పోయి ఎక్కింది. భయం కూడా రాలా ఆమెకు.

ఉమామహేశ్వర్లు అలివేలమ్మ దగ్గరికొచ్చి, "నువ్వన్నా కొట్టు తల్లీ" అని పైపు చేతికిచ్చినాడు. ఆమె తీసుకుంది. కుప్పలో తడవని వైపు చూసుకోని, అటు తిప్పింది.

"దీన్నీ ఎక్కించండి!" అని ఎస్సై అరిచినాడు. ఇటుకల చుట్టూ కూర్చున్నోళ్లంతా ఒక్కసారిగా లేసి జీపు వైపు నడిచినారు. పోలీసులు తెచ్చింది ఒక్క జీపే.