లేరంటే ఏ ఊరెళ్లారని?

కుట్టు మిషన్లు బాగుచేసే మేస్త్రి పోయాక ఆయన ఫోను మోగినప్పుడల్లా భార్యే తీసేది.

“మేస్త్రిగారున్నారా అమ్మా?”

“లేరు బాబూ.”

“ఎప్పుడొస్తారు?”

ఆవిడ కళ్లు ఒత్తుకుని ఫోను పెట్టేసేది. కొన్నాళ్లకు మళ్లీ అదే గొంతు, అదే ప్రశ్న. ఈసారి గుండె చిక్కబట్టుకుని, “వెళ్లిపోయారు బాబూ” అంది.

“ఏ ఊరు?” అన్నాడతను.

ఎవడో మతిలేనివాడని ఆవిడ తేల్చేసింది. కూతురికి మాత్రం ఆ సంగతి మింగుడుపడలేదు. తండ్రి దగ్గర పని నేర్చిన పిల్ల. బెల్టు వదులైందో, షటిల్ అరిగిందో చప్పుడు విని చెప్పేస్తుంది. ఇప్పుడు తండ్రి రిపేరు కొట్టు తనే నడుపుతోంది, ఆ కొట్టే ఆ ఇంటికి కూడు పెడుతోంది.

“దారం అస్తమానం ఒకేచోట తెగుతుంటే మిషనుకి పిచ్చెక్కిందనుకోం కదమ్మా. ఏదో తేడా ఉండుంటుంది” అంటూ తనే ఆ నంబరుకు తిరిగి చేసింది.

అది మార్కెట్ ఆఫీసు. కొట్టు కోసం మేస్త్రి అద్దెకు తీసుకున్న గది వాళ్లదే. దాన్ని వేరేవాళ్లకు ఇచ్చేస్తున్నామన్నారు. ఆ పిల్ల ఉన్నపళంగా పరుగెత్తింది.

“మావాడు ఎన్నిసార్లు ఫోన్ చేసినా లేరు, ఊరెళ్లారు అన్నారట. అద్దె గడువు అయిపోయింది, మళ్లీ రాసుకోవడానికి మనిషి రావాలి కదా. తప్పించుకు తిరుగుతున్నాడనుకున్నాం” అంది ఆఫీసరమ్మ.

“లేరంటే... లేరండి” అంది కూతురు.

ఆఫీసరమ్మకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పక్క బల్ల దగ్గర, ఆ ఫోన్లు చేసిన గుమాస్తా తల దించుకున్నాడు. పాపం, అతని తప్పేముంది? కాలం చేశారంటాం, పోయారంటాం, లేరంటాం. అసలు మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతుంది. మేస్త్రి పోయినప్పుడు పరామర్శకు ఇంటినిండా జనమే. మరణం నమోదు చేయించారా అని ఒక్కరూ అడగలేదు. కూతురే ఆ ఊసెత్తితే, “అప్పుడే కాగితాలేంటే? ఆస్తికోసం ఆగలేకపోయారని నలుగురూ నవ్వుతారు” అని బాబాయి నోరు మూయించాడు. ఆ నలుగురూ ఇవాళ ఆఫీసుకు రాలేదు.

“ముందు మరణం నమోదు చేయించమ్మా” అంది ఆఫీసరమ్మ. “ఆ పత్రం నకళ్లు కాసిని ఎక్కువే తీసుకో. బ్యాంకువాళ్లయినా, బీమావాళ్లయినా, మేమైనా మొదట అడిగేది అదే. వారసులెవరో చెప్పే పత్రం కూడా తెస్తే గది నీ పేరున రాయిస్తాను. మీ నాన్న ఫోను నంబరు మాత్రం పనులన్నీ తెమిలేదాకా తీసేయకండి. కబుర్లన్నీ దానికే వస్తాయి.”

“అప్పటిదాకా గది ఎవరికీ ఇవ్వరు కదండీ?”

“నెలాఖరుదాకా ఆపగలను. ఆ తర్వాత నా చేతిలో ఉండదు.”

మర్నాడు తల్లీకూతుళ్లు నమోదు కార్యాలయానికి వెళ్లారు. కిటికీ అవతలి మనిషి తలెత్తకుండానే, “ఏం పనిమీద వచ్చారమ్మా?” అని అడిగాడు.

“మా ఆయన లే...” అని తల్లి ఆగిపోయింది. వెనక వరుసలో ఎవరో దగ్గారు. ఆ మాట తాను అందిస్తే పని ఇట్టే అయిపోతుందని కూతురికి తెలుసు. అయినా అందించలేదు. తల్లి చెయ్యి మాత్రం పట్టుకుంది.

“చనిపోయారు” అంది తల్లి. “మా ఆయన చనిపోయారు బాబూ. ఆయన కొట్టు ఇకమీదట మా అమ్మాయి నడుపుతుంది. దానికి ఏం కావాలో రాసివ్వండి.”

అని, అక్కడే నిలబడి భోరున ఏడ్చింది. అన్నాళ్లూ ఆవిడ అలా ఏడ్చింది లేదు. నెలాఖరుకు ముందే గది కూతురి పేరుకు మారింది.

అమ్మలారా, అయ్యలారా, మీ ఇంట ఇలాంటి రోజు వస్తే తనివితీరా ఏడవండి, ఎవరూ కాదనరు. కాని చెప్పాల్సిన చోటికి వెళ్లి, మీరు ఏడుస్తున్నది ఎందుకో ఉన్నదున్నట్టు చెప్పండి.