రెండు చేతులూ ఎత్తితే

గూడ్సు బండి కొండ మలుపు ఎక్కుతుంటే ఫొటోగ్రాఫరు బండరాయి మీద నిలబడి రెండు చేతులూ ఎత్తి ఊపేవాడు. ఇంజను కిటికీలోంచి అతని బావ తల బయటపెట్టి నవ్వుతూ హారన్ కొట్టేవాడు. వంతెన మీద పాసింజరు బండ్లు, సొరంగంలోంచి బయటపడే గూడ్సులు ఎన్ని తీసినా, క్యాలెండర్ల వాళ్లు ఏరి తీసుకునేది నవ్వే డ్రైవరున్న ఫొటోనే.

బావ ఒకసారి చెప్పి చూశాడు.

“బావమరిదీ, రెండు చేతులూ ఎత్తితే మా దగ్గర బండి ఆపమని అర్థం. ఒంటి చెయ్యి ఊపితే నీ సొమ్మేం పోయింది?”

“ఒంటి చేతికి నువ్వు తల తిప్పవు బావా.”

“ఇంట్లో మీ అక్క ఎలాగూ కదలనివ్వదు. పట్టాల మీద నువ్వు తగులుకున్నావు.”

నవ్వుకుని వదిలేశారు. రానురాను ఆ చేతులు బావకి పలకరింపైపోయాయి.

ఆ మధ్యాహ్నం వాన అప్పుడే వెలిసింది. బండరాయి మీంచి సొరంగం రెండు వైపులా కనిపిస్తుంది. డ్రైవరుకి ఇవతలి వైపే. ఫొటోగ్రాఫరు లెన్సు తిప్పుతుంటే అవతలి వైపు కొండచరియ జారి పట్టాల మీద కూలింది. ఫోనుకి సిగ్నల్ లేదు. కింద బావ బండి అప్పటికే మలుపు తిరుగుతోంది.

అతను రెండు చేతులూ ఎత్తి గొంతు చించుకుని అరిచాడు. బావ తల బయటపెట్టాడు. నవ్వాడు. హారన్ కొట్టాడు. ఆ మోతలో అరుపు కలిసిపోయింది. చొక్కా విప్పి ఊపాలని తట్టేసరికే ఇంజను సొరంగంలో దూరింది. అవతల బయటపడుతూనే రాళ్లని గుద్దింది.

అవతలి కిటికీ దగ్గరున్న అసిస్టెంటు చిన్న గాయాలతో బతికాడు. బావకి కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

విచారణ మొదలైంది. బండ మీద ఎవరో రెండు చేతులూ ఎత్తడం చూశానని ట్రాక్ పనివాడొకడు చెప్పాడు. ఆపమన్నా ఆపలేదని తేలితే బావ ఉద్యోగం, పెన్షను రెండూ పోతాయి. అయినా ఆసుపత్రి మంచం మీద బావ ఉన్నదున్నట్టు చెప్పెయ్యమనే అన్నాడు. ఫొటోగ్రాఫరు ఊఁ కొట్టి, ఆఫీసరు ముందు కూర్చున్నాడు.

“ఫొటో కోసం ఊపాను సార్, రోజూలాగే. రాళ్లు నేను చూడలేదు.”

“అంత లెన్సు పెట్టుకుని చూడలేదా?”

“కన్ను ఇంజను మీదే ఉంది సార్.”

డ్రైవరు తప్పు లేదని రాశారు. బావకి కూర్చుని చేసే ఉద్యోగం ఇచ్చారు.

అక్క ఆఫీసు వరండాలోనే నిలబడి అంతా వింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. నిజం చెబితే సాయంత్రానికల్లా రైల్వే క్వార్టర్లన్నీ తిరిగొస్తుంది. అందుకే బావ గానీ తమ్ముడు గానీ ఆమెకి అసలు సంగతి చెప్పలేదు.

“ఎదురుగా కొండ కూలితే కనపడలేదట్రా నీకు? మీ బావ చావు నోట్లోకి పోతుంటే ఫొటో తీసుకుంటున్నావా?” ఆమె గొంతు పెంచలేదు. “ఇక మా గడప తొక్కకు.”

అతను తొక్కలేదు. అక్క బజారుకెళ్లినప్పుడు బావే ఫోన్ చేసేవాడు. భోంచేశావా అని ఒకరు, కాలెలా ఉందని ఇంకొకరు. గేటు చప్పుడు కాగానే బావ ఫోన్ పెట్టేసేవాడు.