మూడో గడిలో ఊదారంగు టిక్కు

ఏడు వారాల్లో తాను ఎక్కబోయేది తాను ఎంచుకున్న కొండ కాదనీ, పోయిన ఏడాది ముగ్గురిని మింగిన మంచుగోడ అనీ అనంతపద్మనాభానికి ఉదయం టపాలో తెలిసింది.

కవరు స్విట్జర్లాండు గైడు పంపినది. లోపల పద్మనాభం నింపిన ఫారమే, గైడు సంతకంతో తిరిగొచ్చింది. మూడు కొండల పేర్లు, ఎత్తులు, పక్కన గడులు. తను టిక్కు పెట్టింది రెండో గడిలో. ఇప్పుడది మూడో గడిలో ఉంది! "మీ సాహసానికి అభినందనలు. మార్పు ఉంటే జూన్ ఎనిమిదిలోగా తంతి ఇవ్వండి" అని కింద రాశాడు గైడు.

ఆరోజు ఎనిమిదో తేదీ.

పద్మనాభం, రామచంద్రమూర్తి పంచదార మిల్లు ఇంజనీర్లు. యంత్రాల శిక్షణకు కంపెనీ ఇద్దరినీ స్విట్జర్లాండు పంపుతోంది. మధ్యలో వారం సెలవు. డార్జిలింగులో నెల్లాళ్లు కొండలెక్కడం నేర్చుకున్నాక ఇద్దరికీ అదే పిచ్చి. పద్మనాభం రాతిమీద బల్లిలా పాకుతాడు, మంచు చూస్తే వణుకుతాడు. మూర్తిది సరిగ్గా దీనికి తిరగేసిన వరస. నెలరోజులు పోట్లాడుకుని, మరీ సులువూ మరీ కష్టమూ కాని రెండో కొండకు ఒప్పుకున్నారు. సగం రాయి, సగం మంచు. ఎవరి సగంలో వాళ్లు ముందుంటారు.

"అదొక్కటే అయితే ఎక్కండి" అని పద్మనాభం భార్య కమలాంబ కూడా సరేనంది.

ఇప్పుడావిడ ఫారం పట్టుకుని, కబురందుకుని వచ్చిన మూర్తిని నిలదీసింది.

"మీరే కదూ మార్చింది? మంచంటే మీకు ప్రాణం."

"నా ప్రాణమూ ప్రాణమేనండీ! అది నిలువు మంచు. వీణ్ణడగండి."

"ఈయనా? మార్గశిరంలో మంచు కురిస్తేనే మఫ్లరు విప్పరు. ఇద్దరిలో ఎవరో అబద్ధమాడుతున్నారు. అబద్ధాలకోరుతో ఒకే తాడు కట్టుకుంటారా? ఆ కొండా వద్దు, ఈ కొండా వద్దు. సెలవుల్లో గదిలో పడుకోండి!"

"ఒరే, ఒట్టురా!" అన్నాడు మూర్తి.

పద్మనాభం ఫారాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. రెండో గడిలో బ్లేడుతో గీకిన మరక. మూడో గడిలో టిక్కు సిరాది కాదు, తడిపితే ఊదారంగు తేలే కాపీయింగ్ పెన్సిలుది.

"మన చేతులు దాటాక ఈ ఫారం పెట్టిన కవరు ఎవరి చేతికెళ్లింది?"

"అంటించి పోస్టులో వెయ్యమని ఇంటి ఓనరు సత్యారావుగారికిచ్చాను" అంది కమలాంబ. అంటూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సత్యారావు బెల్లం రైతు. బళ్లకు చీటీలు రాస్తూ పెన్సిలు నాలికమీద పెట్టడం ఆయనకు అలవాటు. పిలిస్తే నవ్వుకుంటూ వచ్చాడు.

"ఒక్కసారి నాలిక చాపండి, సత్యారావుగారూ."

"ఏటి బాబూ, డాక్టరీ కూడా నేర్సేరా?" అని చాపాడు. నేరేడుపళ్లు తిన్నట్టుంది.

పద్మనాభం ఫారం చూపించాడు. నాలిక చటుక్కున లోపలికెళ్లింది.

"ఇంగ్లీసు రాదు గానీ బాబూ, అంకెలొచ్చు. మీరు టిక్కు ఎట్టింది మూడువేల ఆరొందలు. మన గాలికొండే ఐదువేల అడుగులు! అనకాపల్లి మార్కెట్టంతా మా చోడవరం బాబులు సీమకొండ ఎక్కుతన్నారని సెప్పుకున్నాను. ఓడెక్కి అంత దూరం ఎల్లి, మనోళ్లు కట్టెలకెక్కేదానికన్నా సిన్నదెక్కితే పరువేటవుద్ది? అందుకే, మూడిట్లోకీ పెద్దంకె ఉన్నదానికి..."

"అవి అడుగులు కావండీ, మీటర్లు. ఒక్కోటి మూడడుగుల పైమాట" అన్నాడు మూర్తి.

సత్యారావు వేళ్లు మడిచాడు. మళ్లీ విప్పి మడిచాడు. గుమ్మంలో విడిచిన చెప్పుల్లో గబగబా కాళ్లు పెట్టాడు.

"పదివేల పైనే? బాబోయ్! అమ్మా, తంతి కాయితం తియ్యి. ఇప్పుడే నానట్టుకెళ్తాను."

కమలాంబ నవ్వు ఆపుకుంటూ కలం తీసింది. "ఏం రాయమంటారు?"

"నాను సెప్పినట్టే రాయమ్మా. దొరా, టిక్కు మార్చింది నాను, చోడవరం సత్యారావుని. గీకిన బ్లేడూ నాదే, పెన్సిలూ నాదే. బాబులిద్దరూ ఏ పాపమూ ఎరగరు. మీ కొండలు అడుగుల్లో ఉన్నాయనుకుని నానే ఈ పని సేసేను. రెండోదే ఇప్పించండి."