కుడి వైపు మొదటి స్లైడు

ముఖ్తార్ నమాజుకు వెళ్ళాడు. తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అతని సొరుగు తెరిచి, జాబితా చూసి, మూయడానికి దానియేలుకు ఒక్క నిమిషం చాలు.

1996. దోహా నగరానికి దూరంగా అల్ షహానియాలో, ఒంటెల పందెం మైదానానికి ఆవల ఉన్న పరిశోధనశాల. ఇరవై గొర్రెల గుండెలను ఒకచోట అతిచల్లటి లోహంతో గడ్డకట్టించి గాయపరిచారు. పది గొర్రెలకు వాటి తొడకండ నుంచి పెంచిన కణాలను ఆ గాయంలోకి ఎక్కించింది డాక్టర్ సుభాషిణి. మిగతా పదింటికి ఉత్త ఉప్పునీరు. గాయం మీద కొత్త కండ ఎంత పుట్టిందో సూక్ష్మదర్శినిలో చూసి పదికి మార్కులు వేసే పని దానియేలుది. ఏ స్లైడు ఏ గొర్రెదో అతనికి తెలియకూడదు. అందుకే సూడాన్ నుంచి వచ్చిన టెక్నీషియన్ ముఖ్తార్ ప్రతి స్లైడు పేరు మీదా ప్లాస్టర్ అంటించి, ఇరవై గూళ్ళ ట్రేలో వరుసగా పేర్చి, జాబితా దాచుకుంటాడు. మార్కును ఆ ప్లాస్టర్ మీదే సిరాతో రాయాలి.

జాబితాలో రెండే వాక్యాలున్నాయి. బేసి గూళ్ళలో కణాలు. సరి గూళ్ళలో ఉప్పునీరు.

పొద్దున వేసిన నిజమైన మార్కులు దానియేలు నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో ఉన్నాయి. అతను పెన్ను తీశాడు. ఎడమ నుంచి లెక్కపెడుతూ, బేసి స్లైడుకు రెండు తగ్గించి, సరి స్లైడుకు రెండు కలిపి ప్లాస్టర్ల మీద రాసుకుంటూ పోయాడు.

ఐదేళ్ళ క్రితం ఇదే ఆలోచన రాసి డైరెక్టర్ బల్ల మీద పెట్టింది తను. "చచ్చిన గుండె కండ మళ్ళీ పుట్టదయ్యా" అని నవ్వి వెనక్కిచ్చాడాయన. ఇప్పుడు అనంతపురం నుంచి నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల అదే మాట చెబితే మూడు గదులు, గొర్రెలు, మనుషులు అన్నీ ఇచ్చాడు.

మర్నాడు సుభాషిణి పరుగులాంటి నడకతో వచ్చింది.

"మార్కులు కూడినా సార్. కణాలు ఎక్కిచ్చినవాటికి సగటు ఎనిమిది. ఉప్పునీటివాటికి రెండు."

దానియేలు చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టాడు. "మళ్ళీ చూడమ్మా."

"మూడుసార్లు చూసినా. పేపర్లో మీ పేరు నా పేరు పక్కనే పెడతాండా."

ఆమె వెళ్ళగానే దానియేలు ముఖ్తార్ గదికి వెళ్ళాడు. ముఖ్తార్ కొత్త ట్రే పేరుస్తున్నాడు. మొదటి స్లైడును కుడి చివర గూట్లో పెట్టాడు. రెండోది దానికి ఎడమన.

"అటు నుంచా పేరుస్తావు?" అన్నాడు దానియేలు వచ్చీరాని హిందీలో.

"ఇంకెటు నుంచి, దక్తూర్? మేం అరబ్బీ రాసేదీ ఇటు నుంచే."

కుడి నుంచి లెక్కపెడితే దానియేలు బేసి అనుకున్న గూళ్ళన్నీ సరి గూళ్ళు. తగ్గించాలనుకున్నవాటికే రెండేసి కలిపాడు.

దానియేలు ఆ ట్రే వైపు మళ్ళీ చూశాడు. అప్పుడు, చాలా రోజుల తర్వాత, అతనికి హాయిగా అనిపించింది. ఊరుకుంటే చాలు. పేపర్ అచ్చవుతుంది. పదిచోట్ల ఇదే పని చేసి చూస్తారు. ఎవరికీ ఇంత తేడా రాదు. సుభాషిణి మాట ఇంకెవరూ నమ్మరు. తన పేరు మాత్రం అందులో ఉండకూడదు.

"నా పేరు తీసేయమ్మా" అన్నాడు ఆమె గది గుమ్మంలో నిలబడి.

"ఎందుకు సార్? మీ పాత ఫైలు డైరెక్టర్ నిన్ననే నాకు చూపిచ్చినాడు. తొంభై ఒకటిలోనే రాసినారంట కదా. పేపర్ మొదటి వాక్యంలోనే పెట్టినా, ఈ ఆలోచన మీదని."

దానియేలు ఆమె చూపిన కాగితంలో ఆ వాక్యం చదివాడు. తర్వాత జేబులోంచి నోట్‌బుక్ తీసి ఆమె ముందు పెట్టాడు. "పెన్సిల్‌వి నిజం. సిరావి నేను మార్చినవి. జాబితా చూసే మార్చాను. ఇవి ట్రేలో ఎడమ నుంచి రాసినవి, ముఖ్తార్ లెక్క కుడి నుంచి. నువ్వు కింది నుంచి పైకి చదువుకో."

ఆమె ముఖ్తార్ జాబితా పక్కన పెట్టుకుని, వేలితో ఒక్కొక్క అంకె మీదుగా పైకి వెళ్తూ కూడింది. దానియేలు ఆ వేలినే చూస్తూ నిలబడ్డాడు.

"కణాలవాటికి ఆరు" అంది. మిగతావి కూడి, "ఉప్పునీటివాటికి నాలుగు. చిన్నదే, కానీ తేడా ఉంది సార్."

ఆమె పెన్ను తీసి అతని పేరు కొట్టేసింది.

"మొదటి వాక్యం ఉంటాది. అది నిజం గాబట్టి. స్లైడ్లకు ముఖ్తార్ మళ్ళీ ప్లాస్టర్ వేస్తాడు. దోహా నుంచి ఇంకో మనిషిని పిలిపిచ్చి చూపిస్తా. మీరు ఇంక ఆ ట్రే ముట్టుకోవద్దు సార్."

దానియేలు తలూపి బయటికి వచ్చాడు. ఎండలో ఒంటెలు వరుసగా మైదానం దాటుతున్నాయి. ఆమె కూడుతున్నంతసేపూ తను ఏం కోరుకున్నాడో అప్పుడు తెలిసింది. ఆలోచన తనదే అయినా, రెండు సగటులూ ఒక్కటే రావాలని.