నీలి వెలుగులో నలుసు

నేను ఒక మలినాన్ని. పేరు అడక్కండి, మురికికి ఎవరూ బారసాల చేయరు. ఒక రసాయనాల ఫ్యాక్టరీలో, అసలు సరుకు ఉడికిన పాత్రలోనే నేనూ పుట్టాను. సీసా మీద "తొంభై తొమ్మిది పాళ్లు శుద్ధం" అని గొప్పగా అచ్చువేశారు. మిగిలిన ఆ ఒక్క పాలు నేను. తొంభై తొమ్మిదిని చూసి మురిసిపోయే మనుషులు ఆ ఒక్కటి ఏమిటని అడగరు.

అలా హైదరాబాదులో ఒక పరిశోధనశాలకు చేరాను. అక్కడ సునంద అనే అమ్మాయి ఫోను తెరల కోసం, కరెంటు తగలగానే వెలిగే పొడులు తయారుచేసేది. ఎరుపు, పచ్చ చాలాకాలం వెలుగుతాయి. నీలమే తొందరగా కొడిగడుతుంది. నిలిచే నీలం దొరికితేనే ఆమెకు డాక్టరేటు. నాలుగేళ్లు తిప్పలు పడ్డాక, మా సీసాలోని సరుకుతో చేసిన పొడిని గాజు పలక మీద పూతగా పట్టిస్తే నీలం వెలిగింది, నిలిచింది కూడా. ఆమె గురువు శేషావతారం గారు ల్యాబంతా మైసూర్‌పాక్ పంచారు. వ్యాసం కూడా రాసేశారు.

దాన్ని పత్రికకు పంపబోయే ముందు ఆయన, "ఇంకొక్కసారి శుద్ధి చెయ్యమ్మా, ఎవరూ వేలెత్తి చూపకూడదు" అన్నారు. ఆ పొడి హారతి కర్పూరంలాంటిది. కాగితే ఆవిరై, చల్లని చోట మళ్లీ పేరుకుంటుంది. అది గాజు గొట్టం ఆ చివరికి పోయి తెల్లగా మెరిసింది. నేను ఈ చివర గోధుమరంగు చారగా మిగిలిపోయాను.

పలక మీద పూసి కరెంటు ఇస్తే, తెల్లని పొడి మిణుకుమని ఆరిపోయింది. యంత్రాన్ని తిట్టారు, కరెంటును తిట్టారు, ఎవరో యంత్రానికి నిమ్మకాయ కూడా కట్టారు. నన్ను మాత్రం ఎవరూ తలచుకోలేదు. నాకు లోలోపల నవ్వొచ్చింది.

గొట్టం కడిగేస్తే నా కథ అక్కడితో సరి. కానీ సునంద పాలగిన్నె అడుగు గోకి తినే ఇంట్లో పెరిగిన పిల్ల. అంటుకున్నదాన్ని పారేయడానికి ఆమెకు చెయ్యి రాదు. నన్ను గీకి చిన్న సీసాలో దాచింది. కొన్నాళ్లకు, ఏ దారీ తోచక, నన్ను చిటికెడు తీసి తెల్లపొడిలో కలిపింది. నీలం వెలిగింది.

"సార్, వెలుగు మన పొడిది కాదు. దాంట్ల ఉన్న మురికిది" అని గురువుగారికి చెప్పింది.

ఆయన లేచి గది తలుపు మూశారు. "ఈ సంగతి మనిద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు కదమ్మా" అన్నారు.

"ఇంకెవరన్న మంచి సరుకుతోని చేస్తే వెలగది సార్. నాలుగేండ్లు పోతె పోయినయ్. అబద్ధం మీద డాక్టర్‌నైతే నాకు నిద్ర వట్టది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పంచిన మైసూర్‌పాక్ తిరిగి అడగలేం. వ్యాసం మాత్రం ఆపేద్దాం."

సునంద ఏడ్చింది. మురికినే అయినా, ఆ ఇద్దరి మీద నాకు గౌరవం కలిగింది.

తర్వాత నన్ను వేరుచేసి తెల్లగా తేల్చడానికి ఏడాది పట్టింది. వెలుగంతా నాదేనని మురిసిపోతూ గాజు పలక ఎక్కాను. కరెంటు ఇచ్చారు. చీకటి. ఒంటరిగా నేనూ వెలగనట. ఆ పొడిలో చిటికెడుగా ఉంటేనే నాకు వెలుగు, దానికీ వెలుగు. సిగ్గుతో చచ్చిపోయాను. సునంద మాత్రం చాలా రోజుల తర్వాత నవ్వింది. కొత్త వ్యాసం అక్కడే మొదలైంది.

ఇప్పుడు సునందకు డాక్టరేటు ఉంది, నాకు బారెడు పొడుగు శాస్త్రీయనామం ఉంది. తాళం వేసిన బీరువాలో నా కాపురం. కానీ నా సీసా మీద చీటీ ఆమె ఎవరినీ మార్చనివ్వదు. ఆనాడు గొట్టం గీకి తానే రాసి అంటించింది: "మురికి. పారేయొద్దు."